‘ఇస్తూ’ అన్న మాట దగ్గర ఆగిపోయిన దరఖాస్తు: ఒక కేస్ స్టడీ

ఇంగ్లీషులో దరఖాస్తులు రాసుకునేవారికి సాయం చేయడం పన్నెండేళ్లుగా నా వృత్తి. అంతకుముందు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేదాన్ని. నా బల్ల మీదకు వచ్చే కాగితాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఏదని అడిగితే తడుముకోకుండా చెప్పగలను: ‘నేను మంచి మల్టీటాస్కర్‌ని’. బ్యాంకు ఉద్యోగి రాస్తాడు, హోటల్ రిసెప్షనిస్టు రాస్తుంది, నిన్నగాక మొన్న బీటెక్ పూర్తిచేసిన కుర్రవాడూ రాస్తాడు. చాలాసార్లు ఆ వాక్యం వల్ల మేలూ ఉండదు, కీడూ ఉండదు. చదివేవారు దాన్ని దాటుకుని కిందికి వెళ్లిపోతారు. ఈ కేసులో మాత్రం అది కీడే చేసిందని నా నమ్మకం. అందుకే వివరంగా రాస్తున్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఆసుపత్రి, సొంతూరు చెప్పడం లేదు.

ఆమె స్టాఫ్ నర్సు. బీఎస్సీ నర్సింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి జనరల్ మెడిసిన్ వార్డులో ఆరేళ్లుగా పనిచేస్తోంది. బ్రిటన్‌లో నర్సుగా చేరాలని ఆమె కోరిక. ఆరోగ్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ గట్టెక్కింది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ మన దేశంలోనే రాయనిచ్చే కంప్యూటర్ పరీక్ష కూడా పాసైంది. ఇక మిగిలింది ఉద్యోగం. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో బ్యాండ్ 5, అంటే రిజిస్టరైన నర్సుల తొలి స్థాయి ఉద్యోగాలకు మూడు దరఖాస్తులు పెట్టింది. మూడింటికీ ఇంటర్వ్యూ పిలుపు రాలేదు.

“మేడమ్, ఓఈటీలో రైటింగ్‌కే నాకు మంచి మార్కులు వచ్చాయి. మరి నా ఇంగ్లీషులో లోపం ఏమిటి?” అని ఫోనులో అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఓఈటీలో నర్సు రాసేది రోగి గురించిన ఉత్తరం. కేసు నోట్సు వాళ్లే ఇస్తారు, చదవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40 నిమిషాలు. అందులో నర్సు తన గురించి ఒక్క ముక్క కూడా రాసుకోనక్కరలేదు. ఇంకొకరి ఊపిరి గురించి, ఇంకొకరి మందుల గురించి చక్కగా రాయగలిగిన మనిషి, తన పని గురించి రాయాల్సి వచ్చేసరికి చెయ్యి తిరగక ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఆమె తెచ్చిన కాగితం

బ్రిటన్ ఆసుపత్రుల దరఖాస్తులో ‘సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్’ అని ఒక పెద్ద ఖాళీ ఉంటుంది. దానికి జతగా ప్రతి ఉద్యోగ ప్రకటనతోనూ ‘పర్సన్ స్పెసిఫికేషన్’ అనే పట్టిక వస్తుంది. ఆ ఉద్యోగానికి తప్పనిసరిగా ఉండాల్సినవి, ఉంటే మంచివి అని రెండు వరుసలు. దరఖాస్తులను వడకట్టేవారు ఆ పట్టికను పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అంశానికి ఈ మనిషి ఏ ఆధారం చూపించింది అని వెతుకుతారు. ఆమె దరఖాస్తు పెట్టిన మూడు ఉద్యోగాల్లోనూ తప్పనిసరి వరుసలో ఒక అంశం ఉంది: తన పనుల్లో ఏది ముందో ఏది వెనకో తేల్చుకోగలగడం, ఒత్తిడిలో పనిచేయగలగడం. దానికి జవాబుగా ఆమె రాసింది ఇది:

‘ఐ యామ్ ఎ గుడ్ మల్టీటాస్కర్. ఐ కెన్ డూ మెనీ వర్క్స్ ఎట్ ఎ టైమ్. వైల్ గివింగ్ మెడిసిన్స్ ఐ యూజ్డ్ టు అటెండ్ ఫోన్ కాల్స్, న్యూ అడ్మిషన్స్ అండ్ రిలేటివ్స్ ఆల్సో. ఐ హ్యాండిల్డ్ 14 పేషెంట్స్ ఇన్ నైట్ డ్యూటీ.’

మన పాఠకులు చాలామందికి ఇందులో పెద్ద తప్పేమీ కనిపించదు. కనిపించకపోవడమే అసలు సమస్య. ఇది తెలుగు వాక్యం. ఇంగ్లీషు మాటలు తొడుక్కుని నిలబడింది, అంతే. తెలుగులోకి తిప్పి చదివితే ఎంత సహజంగా ఉంటుందో చూడండి: ‘మందులు ఇస్తూ ఫోన్లు, కొత్త అడ్మిషన్లు, బంధువులను కూడా చూసుకునేదాన్ని.’ ఆరేళ్ల అనుభవం ఉన్న నర్సు నోట ఈ మాట వింటే మనకు ఆమె మీద గౌరవం కలుగుతుంది.

ఇంగ్లీషులో అదే మాట చదివిన వార్డు మేనేజరుకు కలిగేది గౌరవం కాదు, భయం. ఎందుకో చెప్తాను.

‘ఇస్తూ’ వేరు, ‘వైల్ గివింగ్’ వేరు

తెలుగులో ‘తూ’ చాలా ఉదారమైన ప్రత్యయం. ‘ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదివాడు’ అంటాం. బల్ల దగ్గర ఫైలు తిరగేస్తున్న క్షణంలోనే పాఠ్యపుస్తకం తెరిచాడని ఎవరూ అనుకోరు. ఆ మూడేళ్ల కాలంలో రెండూ సాగాయని అర్థం. ‘పిల్లలను పెంచుతూ వ్యాపారం నడిపింది’ అన్నా అంతే. ‘తూ’ అనేది ఒక క్షణాన్నీ చెప్పగలదు, ఒక రాత్రినీ చెప్పగలదు, ఒక జీవితాన్నీ చెప్పగలదు. ఏది ఎంతో వినేవాళ్లు సందర్భాన్ని బట్టి తెలుసుకుంటారు.

ఇంగ్లీషు ‘వైల్’కు కూడా కొంత విశాలత ఉంది, కాదనను. కానీ దాని వెంట మందు ఇవ్వడం లాంటి చిన్న పని వస్తే, చదివేవారి మనసులో కాలం ఆ చిన్న పనంతే కుదించుకుపోతుంది. చేతిలో సిరంజి, చెవి దగ్గర ఫోను. ఆ వాక్యం గీసే బొమ్మ అదే. ఆమె చెప్పాలనుకున్నది మాత్రం ఆ షిఫ్టులో మందులు ఇవ్వడంతోపాటు మిగతా పనులూ తన మీదే ఉండేవని.

ఈ బొమ్మ ఎందుకంత ప్రమాదకరమో తెలియాలంటే ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఆస్ట్రేలియాలో జొహానా వెస్ట్‌బ్రూక్ బృందం రెండు బోధనాసుపత్రుల్లో 98 మంది నర్సులు 4,271 సార్లు మందులు ఇవ్వడాన్ని పక్కనే నిలబడి గమనించింది. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మందు ఇస్తున్న నర్సు పనికి అడ్డు తగిలిన ఒక్కొక్కసారికీ, పాటించాల్సిన పద్ధతుల్లో లోపాలు 12.1 శాతం, మందు విషయంలోనే జరిగే పొరపాట్లు 12.7 శాతం పెరిగాయి. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రుల్లో మందులిచ్చే వేళ నర్సులు ఎర్రటి ఆప్రాన్ వేసుకుంటారు, మధ్యలో పలకరించవద్దని దాని మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అలాంటి చోటికి దరఖాస్తు పెడుతూ ‘మందులు ఇచ్చేటప్పుడే ఫోన్లు ఎత్తుతాను’ అని గొప్పగా రాసుకోవడం అంటే, బస్సు డ్రైవరు ఉద్యోగానికి వెళ్లి ‘స్టీరింగు పట్టుకునే టికెట్లు కూడా కొట్టగలను’ అని చెప్పడమే.

ఆమెకు ఇది చెప్పినప్పుడు ఫోనులో చాలాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, “నేను అలా ఎప్పుడూ చేయలేదు మేడమ్. మందు చేతిలో ఉంటే మా అమ్మ ఫోను చేసినా ఎత్తను” అంది. ఆ మాటలో బాధ ఉంది. తన వృత్తిలో తాను ఎంతో నిష్ఠగా కాపాడుకున్న నియమాన్ని, తానే రాసిన వాక్యం కాలరాసిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఈ కేసు నా మనసులో ఇంతకాలం నిలిచిపోవడానికి ఆ ఒక్క నిమిషమే కారణం.

మిగతా మాటల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన ‘పనులు’ ఇంగ్లీషులో ‘వర్క్స్’ కావు. ఇంగ్లీషులో పని అనే అర్థంలో ‘వర్క్’కు బహువచనం లేదు, ‘వర్క్స్’ అంటే రచయిత కృతులో, కర్మాగారమో గుర్తుకు వస్తుంది. పనులను లెక్కపెట్టాలంటే ‘టాస్క్స్’ కావాలి. ‘ఎట్ ఎ టైమ్’ అన్నది మన దేశంలో ‘ఒకేసారి’ అన్న అర్థంలో పాతుకుపోయింది. బ్రిటిషు పాఠకుడికి అది విడతకు ఎన్ని అన్న లెక్కను గుర్తుచేస్తుంది. ‘వన్ ఎట్ ఎ టైమ్’ అంటే ఒక్కొక్కటిగా అని కదా. ‘హ్యాండిల్’ అనే మాట రోగుల విషయంలో అక్కడ మోటుగా వినిపిస్తుంది. మనుషులను ఎత్తడం, పక్కకు జరపడం నేర్పే శిక్షణను వాళ్లు ఆ మాటతో పిలుస్తారు. రోగులను మనం ‘చూసుకుంటాం’, అందుకు ‘లుక్డ్ ఆఫ్టర్’ గానీ ‘కేర్డ్ ఫర్’ గానీ సరిపోతుంది. చివరన వేలాడే ‘ఆల్సో’ మన ‘కూడా’. తీసేస్తే సరిపోయింది.

‘యూజ్డ్ టు’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ‘చూసుకునేదాన్ని’, ‘చేసేదాన్ని’ అన్న అలవాటు క్రియను మనవాళ్లు కళ్లు మూసుకుని ‘యూజ్డ్ టు’ చేసేస్తారు. తెలుగులో ఆ క్రియ, అలవాటు ఇప్పటికీ ఉందా పోయిందా అన్నది తేల్చదు. ఇంగ్లీషు మాట తేల్చేస్తుంది: ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఆమె ఇంకొక చోట ‘ఐ యూజ్డ్ టు ప్రయారిటైజ్ మై పేషెంట్స్’ అని రాసింది. అంటే ఇప్పుడు మానేశారా అని చదివేవాడికి సందేహం వస్తే తప్పు అతనిది కాదు.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా తప్పు కూడా రాయాలి. మొదటి వారం నేను ఆమె వాక్యాలను సరిచేసి, బలమైన క్రియలు పొదిగాను. ‘ప్రయారిటైజ్డ్’, ‘కోఆర్డినేటెడ్’, ‘ఎన్ష్యూర్డ్’. వ్యాకరణం శుభ్రంగా ఉంది. చదివితే ఠీవిగా ఉంది. నాలుగో దరఖాస్తు అలాగే వెళ్లింది. దానికీ పిలుపు రాలేదు.

అప్పుడు ఆమెను నేనే ఇంటర్వ్యూ చేసేవారిలా ప్రశ్నించి చూశాను. “మీరు పోటీ పడే అవసరాలను సమన్వయం చేశానని రాశారు. ఒక ఉదాహరణ చెప్పండి.” ఆమె నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ వాక్యం ఆమెది కాదు, నాది. దాని వెనక ఏ రాత్రీ లేదు, ఏ మంచమూ లేదు. ఆమె పాత వాక్యం కనీసం ఆమె మనసులోంచి వచ్చింది. నాది ఎక్కడినుంచీ రాలేదు. ఈ మధ్య ఫోనులో యాప్‌ను అడిగి రాయించుకునే వాక్యాలకూ ఇదే జబ్బు. తళతళలాడతాయి, ఎవరి పేరు కిందనైనా ఇమిడిపోతాయి. ఎవరికైనా నప్పేది ఎవరి గురించీ చెప్పదు.

రాయడం ఆపేశాను. దసరాకు ఆమె ఊరికి వచ్చినప్పుడు విజయవాడలో దిగమని చెప్పి, ఎదురుగా కూర్చోబెట్టి తెలుగులోనే మాట్లాడించాను. ఇంగ్లీషు జోలికి వెళ్లలేదు.

అవధానం సాయపడిన తీరు

మన ఇళ్లలో పొద్దున్నే పిల్లల క్యారియర్లు, పొయ్యి మీద పాలు, మోగుతున్న ఫోను అన్నీ కలిసొస్తే ‘అష్టావధానం చేస్తున్నాను’ అంటారు. అదే మాటతో మొదలుపెట్టాను. అష్టావధానం ఎప్పుడైనా చూశారా అని అడిగాను. చిన్నప్పుడు బడిలో చూసిందట.

అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవారు, కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అని పద్యంలో ఇమడ్చాల్సిన పదాలు ఇస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు, నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. ఎక్కడో గంట మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి సమయం సందర్భం లేని మాటలతో మధ్యమధ్య దూరిపోతాడు. చూసేవాళ్లకు ఎనిమిదీ ఒకేసారి నడుస్తున్నట్టుంటుంది. కానీ అవధాని ఏ క్షణంలోనూ రెండు పద్యాలు కలిపి అల్లడు. ఒకరికి ఒక పాదం చెప్తాడు, అది అక్కడ ఆపి రెండోవారి దగ్గరకు వెళ్తాడు. ఆవృత్తి, అంటే ఒక చుట్టు, పూర్తయ్యాక మళ్లీ మొదటివారి దగ్గరకు వచ్చి, ఆపిన చోటే అందుకుని రెండో పాదం చెప్తాడు. నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తవుతాయి. చివరికి ధారణ: అన్ని పద్యాలూ మొదటినుంచీ చదివి వినిపిస్తాడు. అవధానంలో గొప్పతనం ఒకేసారి చేయడంలో లేదు. ఎక్కడ ఆపాడో గుర్తుంచుకోవడంలో, మళ్లీ అక్కడికే రావడంలో ఉంది.

మల్టీటాస్కింగ్ అన్న మాట పుట్టుక కూడా దీనికి దగ్గరలోనే ఉంది. 1960లలో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల గురించి చెప్పడానికి వాడుకలోకి వచ్చిన మాట అది. ఒక్కటే ప్రాసెసరు, దాని ముందు చాలా పనులు. ఒకటి కొంత చేసి, ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టుకుని, ఇంకొకటి అందుకుంటుంది. మార్పు ఎంత వేగంగా జరుగుతుందంటే మనకు అన్నీ ఒకేసారి జరుగుతున్నట్టే ఉంటుంది. యంత్రాల నుంచి ఆ మాట మనుషులకు బదిలీ అయ్యాక ‘ఆపడం, గుర్తుపెట్టుకోవడం, తిరిగి రావడం’ అన్న భాగం జారిపోయి, ‘ఒకేసారి’ అన్న భ్రమ మాత్రం మిగిలింది. మనిషి పని మారిన ప్రతిసారీ కొంత సమయం, కొంత ఏకాగ్రత ఖర్చవుతాయని జాషువా రూబిన్‌స్టైన్, డేవిడ్ మేయర్, జెఫ్రీ ఎవాన్స్ 2001లో ప్రయోగాలతో చూపించారు కూడా.

అందుకే ఆమెను నాలుగు సంగతులు అడిగాను. ఆ రాత్రి మీ ముందు ఏమేమి ఉన్నాయి? దేన్ని ముందు అందుకున్నారు, ఎందుకు? దేన్ని ఆపారు, ఆపేటప్పుడు ఏ స్థితిలో వదిలారు? తిరిగి ఎప్పుడు అందుకున్నారు?

ఆ రాత్రి

మొదట్లో ముక్తసరిగా చెప్పింది. “రాత్రి రెండు దాటింది మేడమ్. పదకొండో బెడ్ పేషెంటుకు ఊపిరి ఆడలేదు. డాక్టరుగారిని పిలిచాను. ఐసీయూకి మార్చాం.” మూడు వాక్యాలు. అది నోట్సులో రాసే పద్ధతి.

“అంతకు ముందు క్షణం మీరు ఏం చేస్తున్నారు?”

“ఆరో బెడ్‌కు యాంటీబయాటిక్ ఇవ్వాలి. ట్రాలీ దగ్గర ఉన్నాను.”

“చేతిలో ఏముంది?”

“వయల్. మందు ఉండే చిన్న సీసా.”

“పదకొండో బెడ్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆ వయల్ ఏమైంది?”

ఆమె కొంచెం విసుగ్గా చూసింది. అంత చిన్న విషయం ఎందుకు అన్నట్టు. “ఇంకా నీళ్లు కలపలేదు మేడమ్. ట్రాలీలో వెనక్కి పెట్టి తాళం వేశాను. తెరిచి వదిలేస్తామా?”

నేను పెన్ను కింద పెట్టాను. మేం అన్నాళ్లుగా వెతుకుతున్న వాక్యం అదే. ఊపిరి ఆడని మనిషి వైపు పరుగెత్తబోయే ముందు, రెండు సెకన్లలో, చేతిలోని మందు మరొకరికి హాని చేయకుండా భద్రపరిచి వెళ్లింది. అది ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే చెప్పుకోదగ్గ సంగతిగా కూడా తోచలేదు.

అక్కడినుంచి కథ విచ్చుకుంది. ఆ రాత్రి వార్డులో 14 మంది రోగులు, ఇద్దరు నర్సులు. రెండోది చేరి ఏడాది కూడా కాని అమ్మాయి. రెండూ పదికి మూడో బెడ్ దగ్గర రోగి నరంలో పెట్టిన కాన్యులా గొట్టం ఊడి దుప్పటి మీద రక్తం. అదే సమయంలో ఎమర్జెన్సీ నుంచి ఫోను, కొత్త పేషెంటును పంపుతున్నామని. అప్పుడే పదకొండో బెడ్ తాలూకు అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు: “సిస్టర్, నాన్నకు ఊపిరి ఆడడం లేదు!”

మూడో బెడ్ దగ్గర గట్టిగా నొక్కిపెట్టమని జూనియర్‌కు చెప్పింది. ఆ పని ఆ అమ్మాయికి బాగా వచ్చని ఆమెకు తెలుసు. ఎమర్జెన్సీకి “అరగంట ఆగండి, ఇక్కడ ఒకరి పరిస్థితి బాగాలేదు” అని ఒక్క ముక్క చెప్పి ఫోను పెట్టేసింది. పదకొండో బెడ్ పెద్దాయనను లేపి కూర్చోబెట్టింది. ఆక్సిజన్ శాతం 84, నిమిషానికి ఊపిరి 32. మాస్క్ పెట్టి డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి, ఈ రెండు అంకెలూ ముందు చెప్పింది. రెండూ నలభైకల్లా ఆయన్ను ఐసీయూకి మార్చారు. తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, ట్రాలీ తాళం తీసి, ఆరో బెడ్‌కు మందు మొదటినుంచీ సరిచూసుకుని ఇచ్చింది. 35 నిమిషాలు ఆలస్యం. కారణం చార్టులో రాసింది. ఆ తర్వాతే కొత్త పేషెంటును పైకి రమ్మంది.

ఇదంతా చెప్పడానికి దాదాపు గంట పట్టింది. మధ్యలో ఆమె టీ చల్లారిపోయింది.

రాత

రాసేటప్పుడు మొదట ‘మల్టీటాస్కింగ్’ అన్న మాటనే తీసేశాం. ఆ అంశం కింద అక్కడి పట్టికలో ఉన్న మాట ‘ప్రయారిటైజ్’. దరఖాస్తులో వాళ్ల మాటే పలకాలి. ఆ తర్వాత ‘వైల్’ను పూర్తిగా నిషేధించాం. నిషిద్ధాక్షరిలో అక్షరాన్ని నిషేధించినట్టే. అది పోయేసరికి ఆమె చేతికి వేరే మాటలు వచ్చాయి: ‘బిఫోర్’, ‘వన్స్’, ‘అంటిల్’, ‘దెన్’. ఇవన్నీ వరుసను చెప్పే మాటలు. తెలుగులో మన ‘చేసి’, ‘చేశాక’, ‘చేసేదాకా’. వరుస కనిపిస్తే చాలు, తల ఎలా పనిచేసిందో చదివేవారికి దానంతట అదే అర్థమవుతుంది.

రెండో మార్పు ‘మేము’ను ‘నేను’ చేయడం. దీనికి ఆమె చాలా ఇబ్బంది పడింది. “ఒక్కదాన్నే చేసినట్టు రాస్తే పొగరుగా ఉంటుంది మేడమ్” అంది. మన పెంపకంలో ‘చేశాం’ అనడం మర్యాద, నాకూ తెలుసు. కానీ దరఖాస్తు చదివేవారికి ఎవరు నిర్ణయం తీసుకున్నారో తెలియాలి. జూనియర్ చేసింది జూనియర్ పేరున, డాక్టరు చేసింది డాక్టరు పేరున రాస్తే అబద్ధం ఉండదు, ఆమె వాటా ఆమెకు దక్కుతుంది. పని అప్పగించడం గురించి బ్రిటన్ నర్సుల నియమావళిలో 11వ అంశం ప్రత్యేకంగా చెప్తుంది: అప్పగించిన నిర్ణయానికి జవాబుదారీ అప్పగించినవారే. అందువల్ల ‘డెలిగేటెడ్’ అని ఊరికే రాయకుండా, ఆ అమ్మాయి ఆ పనిలో సమర్థురాలని తనకు తెలుసని కూడా ఒక ముక్క చేర్చాం. డాక్టరును పిలవడానికి అక్కడి వార్డుల్లో వాడే మాట ‘ఎస్కలేటెడ్’. దాని వెంట రెండు అంకెలూ పెట్టాం.

ఒక చోట మా ఇద్దరికీ వాదన జరిగింది. అక్కడి ఆసుపత్రుల్లో రోగి పరిస్థితి దిగజారుతోందని పసిగట్టడానికి న్యూస్2 అనే స్కోరు పద్ధతి ఉంది, 2017లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తెచ్చింది. ఊపిరి, ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, జ్వరం చూసి అంకెలు వేస్తారు, మొత్తం 7 దాటినా, 7 ఉన్నా అత్యవసరం. ఆమె దాన్ని చదువుకుంది. ఆ రాత్రి స్కోరు వేసినట్టు రాస్తే బాగుంటుందని ఆమె ఆశ. ఆ రెండు అంకెలకు ఆక్సిజన్ మాస్క్ పెట్టడాన్నీ కలిపితే స్కోరు 7 దాటే మాట నిజమే. కానీ ఆ రాత్రి ఆమె స్కోరు వేయలేదు. చేయనిది రాయవద్దని గట్టిగా చెప్పాను. ఆ పద్ధతి చదువుకున్నానని వేరే చోట, వేరే వాక్యంలో నిజంగా రాయవచ్చు, అలాగే రాసింది.

రెండో వాదన ఆలస్యం గురించి. “35 నిమిషాలు ఆలస్యంగా ఇచ్చానని రాస్తే నా తప్పు నేనే ఒప్పుకున్నట్టు కాదా?” అని భయపడింది. ఆ ఆలస్యమే మీ దరఖాస్తుకు ప్రాణం అన్నాను. అన్నీ సమయానికే చేశానంటే ఎవరూ నమ్మరు. దేన్ని ఆలస్యం చేయవచ్చో, దేన్ని చేయకూడదో తెలిసిన మనిషి కోసమే వాళ్లు ఆ అంశం పెట్టారు. చివరికి ఆ రెండు వాక్యాలు ఇలా నిలిచాయి:

‘ఐ పుట్ ద అన్‌ఓపెన్డ్ వయల్ బ్యాక్ ఇన్ ద ట్రాలీ అండ్ లాక్డ్ ఇట్ బిఫోర్ ఐ వెంట్ టు హిమ్.’

‘ఐ గేవ్ ద యాంటీబయాటిక్ 35 మినిట్స్ లేట్ అండ్ రికార్డెడ్ ద రీజన్.’

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అన్నీ ఏడో తరగతి ఇంగ్లీషు. రెంటికీ ముందు మూడు అవసరాలు ఒకేసారి ఎలా వచ్చిపడ్డాయో చెప్పే ఒక వాక్యం, తర్వాత రోగి ఐసీయూకి చేరిన సంగతి. మొత్తం నూట ముప్పై మాటలు. రోగి వయసు, బెడ్ నంబరు, తేదీ తీసేశాం. ఎవరి గురించో పోల్చుకోగలిగే ఏ వివరమూ దరఖాస్తులోకి వెళ్లకూడదు.

తర్వాత జరిగింది

ఐదో దరఖాస్తుకు పిలుపు రాలేదు. ఆరోదానికి వచ్చింది. మధ్యలో ఆమె అనుభవం కొన్ని నెలలు పెరిగింది, ఆరో ఆసుపత్రిలో ఖాళీలూ ఎక్కువ. కాబట్టి ఈ నూట ముప్పై మాటల వల్లే పిలుపు వచ్చిందని నేను అనను. నేను చెప్పగలిగేది వీడియో ఇంటర్వ్యూలో జరిగిన సంగతి. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో ఒకావిడ ఆ పేరా గురించే అడిగిందట: “యాంటీబయాటిక్ ఆలస్యమైన రోగికి మీరు ఏం చెప్పారు?” అది మేం తయారుకాని ప్రశ్న. నేను ఆ కోణంలో ఆలోచించనే లేదు. కానీ ఆ రాత్రి నిజంగా జరిగింది గనుక ఆమెకు జవాబు వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఆ రోగి మేలుకునే ఉన్నాడని, పక్క మంచాల దగ్గర జరిగింది చూశాడని, తాను వెళ్లి ఆలస్యానికి క్షమించమని అడిగి, జ్వరం మళ్లీ చూసి, అప్పుడు మందు ఇచ్చానని చెప్పింది. నాకు కూడా చెప్పని వివరం అది. మూడు వారాలకు ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వచ్చింది.

ఆమె వెళ్లి ఏడాది దాటింది. ఈ మధ్య తన పాత వార్డులోని ఆ జూనియర్ అమ్మాయి దరఖాస్తు రాసుకుంటుంటే, ముందుగా తానే చదివి నాకు పంపింది. కాగితం మీద మూడు చోట్ల ‘వైల్’ కింద ఎర్ర గీత గీసి ఉంది. పక్కన తెలుగులో రాసింది: ‘వయల్ ఎక్కడ పెట్టావు?’ నాలుగో ‘వైల్’ ఆఖరి పేరాలో ఉంది. అది నేను గీశాను.